పన్నెండేళ్ళుగా ఏఆర్‌టీ వాడుతున్న అన్నయ్యకి ‘పేగుల ఇమ్యూన్ థెరపీ’ చేయించాలా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: భీమవరం దగ్గరుండే మీ అన్నయ్యకి నలభై ఆరేళ్ళు. పన్నెండేళ్ళుగా హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నారు. వైరల్ లోడ్ ఎప్పుడు చేయించినా వైరస్ కనిపించలేదనే వస్తోంది, కానీ సీడీ4 (రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాల లెక్క) మాత్రం 300 దగ్గరే ఆగిపోయింది. కడుపుబ్బరం, వారంలో రెండు మూడు రోజులు విరేచనాలు. పేగుల్లో రోగనిరోధక శక్తిని తిరిగి తెప్పించే థెరపీ అంటూ ఒకాయన నలభై వేలకి మూడు నెలల ప్యాకేజీ చెప్పాడు, తర్వాత ఏఆర్‌టీ కూడా ఆపేయొచ్చన్నాడు. కట్టాలా వద్దా అని అడిగారు.

కట్టొద్దండీ. ఏఆర్‌టీ మాత్రం ఒక్క పూట కూడా ఆపనివ్వొద్దు. ఆపితే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్ళీ పైకి లేవడం దాదాపు ఖాయం.

నేనూ చాలా ఏళ్ళుగా ఇవే మందుల మీద ఉన్న మనిషిని. కడియం వైపు నర్సరీలో అంట్లు కట్టే పని నాది. మీ అన్నయ్య పడుతున్న ఇబ్బంది నేనూ పడ్డాను. అందుకే ఈ పేగుల సంగతి డాక్టర్లని అడిగీ, తెలిసినవాళ్ళ చేత చదివించుకునీ తెలుసుకున్నాను.

ఆ అమ్మేవాడి మాటల్లో మొదటి సగం నిజమే. జనం నమ్మేది కూడా అందుకే. మన ఒంట్లో రోగాలతో పోరాడే లింఫోసైట్లు అనే తెల్లకణాలు పేగుల్లో చాలా ఉంటాయి. హెచ్‌ఐవీ సోకిన మొదటి కొద్ది వారాల్లోనే అక్కడి సీడీ4 కణాలు భారీగా చచ్చిపోతాయి. రక్తంలో లెక్క ఇంకా పర్వాలేదనిపిస్తున్నప్పుడే పేగుల్లో ఈ నష్టం జరిగిపోతుంది. ఆ పోయినవాటిలో టీహెచ్17 అనే రకం కణాలు ముఖ్యం. అవి ఐఎల్-17, ఐఎల్-22 అనే పదార్థాలు విడుదల చేసి పేగు లోపలి పొరని గట్టిగా ఉంచుతాయి. ఆ పొర మందం ఒక్క కణమే. కాపలా పోయాక అది కాలవ గట్టుకి ఎండ్రకాయలు బొరియలు పెట్టినట్టు అవుతుంది: చూడ్డానికి గట్టు నిలబడే ఉంటుంది, నీళ్ళు మాత్రం చేలోకి ఊరుతూనే ఉంటాయి. ఇక్కడ ఊరేది పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలు. అవి రక్తంలో చేరి ఒంటిని ఎప్పుడూ యుద్ధం మీద ఉన్నట్టు ఉంచుతాయి. హెచ్‌ఐవీలో ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండే సన్నటి మంటకి (డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు) ఇదొక పెద్ద కారణమని 2006లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా పరిశోధన చూపించింది. ఏఆర్‌టీ వైరస్‌ని అణిచేసినా చాలామందిలో పేగు పూర్తిగా కోలుకోదు. పరీక్షలో వైరస్ కనిపించకపోయినా సీడీ4 పెరగకపోవడానికి దీనితో కొంత సంబంధం ఉంది.

ఇక థెరపీ మాట. పరిశోధకులు ఆశ పెట్టుకున్నవాటిలో ఒకటి ఐఎల్-21. అది మన సీడీ4 కణాలే తయారుచేసే ప్రోటీన్. కోతులకి వచ్చే ఎస్‌ఐవీ, హెచ్‌ఐవీకి దగ్గరి చుట్టం. ఆ వైరస్ ఉన్న రీసస్ కోతులకి ఐఎల్-21 ఇస్తే పేగుల్లో టీహెచ్17 కణాలు నిలబడ్డాయనీ, బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి రావడం తగ్గిందనీ 2013లో రాశారు. ఏఆర్‌టీతో కలిపి ఇస్తే మంటతోపాటు మందులకి దొరక్కుండా కణాల్లో దాక్కున్న వైరస్ కూడా తగ్గిందని 2015లో, ప్రోబయోటిక్‌తో (మేలు చేసే బ్యాక్టీరియాతో) కలిపి ఇచ్చినా పేగులకి మేలు కనిపించిందని 2016లో వచ్చాయి. చదివించుకున్నప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. మన కష్టం లోపల ఎక్కడుందో ఎవరో ఇంత శ్రద్ధగా వెతుకుతున్నారు కదా అని. కానీ ఇవన్నీ కోతుల మీద పరిశోధనలు. మీ ఊళ్ళో సీసాలో పోసి అమ్మే మందు కాదు ఐఎల్-21.

కోతుల్లో పనిచేసింది మనుషుల్లోనూ పనిచేస్తుందని ముందే అనుకోకూడదు కూడా. పేగుల్లోకి కణాలు వెళ్ళే దారిని అడ్డుకునే ఒక యాంటీబాడీతో కోతుల్లో వైరస్ అణిగిపోయిందని 2016లో సైన్స్ పత్రికలో వస్తే ప్రపంచమంతా మాట్లాడుకుంది. 2019లో వేరే బృందాలు అదే పరీక్ష మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు.

మీ అన్నయ్యకి ముఖ్యంగా చెప్పాల్సిన సంగతి ఐఎల్-2 అనే ఇంకో ప్రోటీన్‌ది. అది మనుషుల మీదే, పెద్ద ఎత్తున జరిగింది. ఏఆర్‌టీ మీద ఉన్నవాళ్ళకి ఐఎల్-2 ఇస్తే సీడీ4 బాగా పెరిగింది. 2009లో రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి, ఒక్క ఎస్ప్రిట్ అనే దాంట్లోనే నాలుగు వేలమందికి పైగా ఉన్నారు. అంకె పెరిగింది గానీ రోగాలూ తగ్గలేదు, చావులూ తగ్గలేదు. కాబట్టి సీడీ4 పెంచుతామని ఎవరు చెప్పినా, పెరిగితే మనిషికి ఏం మేలు జరిగిందో చూపించమనాలి. ఇదే నలభై వేలకీ వర్తిస్తుంది.

ఆ ప్యాకేజీలో ఉండేది ప్రోబయోటిక్ పొడి కావచ్చు. అమెరికాలో ఏఆర్‌టీ మీద ఉన్నవాళ్ళకి 24 వారాలు ప్రోబయోటిక్ ఇచ్చి చూశారు. రక్తంలో మంటని చూపే ఎస్‌సీడీ14 అనే సూచిక తగ్గలేదు. ఇంట్లో తోడేసిన పెరుగు తినమనండి, మంచిదే, కానీ దాన్ని మందుగా లెక్కేయొద్దు. సీడీ4 మరీ తక్కువగా ఉన్నవాళ్ళలో ప్రోబయోటిక్ బ్యాక్టీరియా రక్తంలోకి పోయిన కేసులు అరుదుగా ఉన్నాయి గనక డాక్టర్ని అడక్కుండా పొడులు వద్దు.

నా అనుభవంలో ఆ డబ్బు కంటే ఎక్కువ పనికొచ్చింది, విరేచనాలకి కారణం ఏంటని పట్టుబట్టి అడగడం. ఒకప్పుడు నేను సెకండ్ లైన్‌లో (మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చేవాటిలో) లోపినావిర్ ఉన్న బిళ్ళలు వాడేదాన్ని. రాజమండ్రి బస్సెక్కాలంటే ముందురోజు నుంచే టెన్షన్, నీళ్ళు కూడా తాగేదాన్ని కాదు. ఊళ్ళో అడిగితే ‘ఈ జబ్బుకి అంతేనమ్మా’ అన్నారు. అది నాకు నచ్చలేదు. ఏఆర్‌టీ సెంటర్‌లో డాక్టరమ్మ దగ్గర కూర్చుని ఎన్నిసార్లు వెళ్తున్నానో, ఏం తిన్నాక వెళ్తున్నానో అంతా చెప్పాను. మలం పరీక్ష రాశారు. అందులో జియార్డియా అనే పరాన్నజీవి బయటపడింది. దానికి కోర్సు వాడాను. లోపినావిర్ కూడా విరేచనాలు తెస్తుందని ఆవిడే చెప్పి, తర్వాత వీలు చూసి మందు మార్చారు. నాకు ఉబ్బరం సగానికి పైగా తగ్గింది. సీడీ4 మాత్రం ఇప్పటికీ గొప్పగా ఏం లేదు, అయినా రోజూ పనికి వెళ్తున్నాను.

మీ అన్నయ్య వాడుతున్నది బహుశా టీఎల్‌డీ (మూడు ఏఆర్‌టీ మందులు కలిపిన బిళ్ళ) అయ్యుంటుంది. ఏఆర్‌టీ సెంటర్ వాళ్ళిచ్చిన పుస్తకంలో చూసి, ఏం బిళ్ళలో రాసుకోండి. మలం పరీక్ష అడగండి, ఒక్కసారి ఏమీ లేదని వస్తే మళ్ళీ చేయించమనండి, పరాన్నజీవులు ప్రతి నమూనాలో దొరకవు. క్రిప్టోస్పొరీడియం, సిస్టోఐసోస్పోరా లాంటివాటికి ప్రత్యేకంగా రంగు వేసి చూడాలి, ఆ మాట చీటీ మీద రాయించండి. బరువు తగ్గుతుంటే, సాయంత్రాలు జ్వరం వస్తుంటే కడుపులో టీబీ ఉందేమో కూడా చూడాలి. ఇది ఆలస్యం చేసే పని కాదు.

నీళ్ళ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే డెల్టాలో మనం తాగేది కాలవ నీళ్ళే. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు ఊరి మంచినీళ్ళ చెరువులో నిలవ నీళ్ళు, వానాకాలంలో ఎర్రనీళ్ళు. ఆ పక్కనే చేపల చెరువులు, రొయ్యల చెరువులు. చెరువులో క్లోరిన్ వేశారు కదా అని ఊరుకోవద్దు, క్రిప్టోస్పొరీడియం క్లోరిన్‌కి అంత తేలిగ్గా చావదు. నీళ్ళు తెర్లాక ఇంకో నిమిషం మరగనిచ్చి చల్లార్చి తాగాలి. క్యాన్ నీళ్ళని కూడా నేను కాస్తాను. మట్టిలో పనిచేశాక గోళ్ళ సందుల్లో సబ్బు పెట్టి కడుక్కోవడం నాకు ఆ డాక్టరమ్మ నేర్పిన అలవాటు.

ఉబ్బరానికి జెలూసిల్ లాంటి గ్యాస్ మందులు తాగుతున్నారేమో అడగండి. టీఎల్‌డీలో ఉన్న డోలుటెగ్రావిర్‌ని వాటిలోని అల్యూమినియం, మెగ్నీషియం ఒంటికి పట్టనివ్వవు. ఆ బిళ్ళ వేసుకున్న రెండు గంటల తర్వాతే గ్యాస్ మందు తాగాలి, గ్యాస్ మందు ముందే తాగితే ఆరు గంటలు ఆగి బిళ్ళ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం అయితే అన్నంతోపాటు బిళ్ళతో కలిపి వేసుకోవచ్చు.

ఆ సన్నటి మంట గుండెకి చేసే నష్టం మాత్రం ఇప్పుడే తగ్గించుకోవచ్చు. రిప్రీవ్ అనే ట్రయల్‌లో మన దేశంతో సహా 12 దేశాల నుంచి 7,769 మంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు పాల్గొన్నారు, అందరూ నలభై నుంచి డెబ్బై ఐదేళ్ళ మధ్యవాళ్ళే. కొలెస్ట్రాల్ తగ్గించే పిటావాస్టాటిన్ బిళ్ళ రోజూ వేసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తక్కువ వచ్చాయని 2023లో తేలింది. నలభై ఆరేళ్ళ మనిషికి ఇది అడగదగిన మాట. సిగరెట్ ఉంటే మానిపించడం అంతకంటే ముందు.

ఆయన ఒక్కరే వెళ్తే మొహమాటపడి ఇవన్నీ చెప్పరు. ఈసారి మందులకి వెళ్ళేటప్పుడు మీరూ తోడు వెళ్ళండి. పరువు పోతుందని భయపడితే, 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆయన ఒప్పుకోకుండా ఆయన వివరాలు బయటపెట్టే హక్కు మామూలుగా ఎవరికీ లేదని చెప్పండి. సెంటర్‌లో మాట తెగకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. మలం పరీక్షలో ఏం వచ్చిందో, ఏ బిళ్ళలు వాడుతున్నారో తెలిశాక ఇక్కడ రాయండి, నాకు తెలిసినంతలో చెప్తాను.