లోపలి రేడియేషన్ తీసుకున్న మనిషిని ఇంట్లో వేరుగా ఉంచాలా?

మీ అత్తగారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు బయటి రేడియేషన్ పూర్తయిందనీ, ఇక లోపలి రేడియేషన్, అంటే బ్రాకీథెరపీ, ఇస్తామన్నారనీ, ఆవిడ ఇంటికి వచ్చాక పసిపిల్లను దూరంగా ఉంచాలా అనీ అడిగారు. విడతలుగా యంత్రంతో ఇచ్చే పద్ధతి అయితే అక్కర్లేదు. మా మేనత్తకు జరిగింది అదే.

కాకినాడలో చికిత్స చేయించుకుని ఆవిడ కోనసీమలోని మా ఊరికి వచ్చిన సాయంత్రానికే మంచం వసారాలోకి చేరింది, కంచం వేరైంది; ఒంట్లో ఇంకా కరెంటు ఉంటుందట అంటూ పక్కింటావిడ మజ్జిగను తగలకుండా పైనుంచి ఎత్తి పోసింది, మనవణ్ణి గుమ్మం దాటనివ్వలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆసుపత్రిలో మత్తు ఇచ్చి గర్భాశయంలోకి సన్నని గొట్టాలు అమర్చి, మూత్రాశయమూ పురీషనాళమూ పక్కకు జరిగేలా గాజుగుడ్డ కూరి, స్కాన్ తీసి లెక్క కట్టాక, కిరణాలు వెలువరించే ఇరిడియం-192 అనే లోహపు ముక్కను, బియ్యపుగింజ కంటే చిన్నదాన్ని, తీగ చివరన యంత్రమే లోపలికి పంపి, కొన్ని నిమిషాల తర్వాత వెనక్కి లాగేసుకుంటుంది. ఒంట్లో ఏమీ మిగలదు. థైరాయిడ్‌కు తాగించే అయోడిన్-131, ప్రోస్టేట్‌లో శాశ్వతంగా అమర్చే, కిరణాలు వెలువరించే గింజలు వేరు. వాటికి కొన్నాళ్ళు జాగ్రత్తలు తప్పవు. మన వాళ్ళు అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తారు.

నన్ను అడిగితే అసలు ప్రమాదం పిల్లకు కాదు, ఈ మాటలు విని మీ అత్తగారు చికిత్స మానేయడంలో ఉంది. బయటి రేడియేషన్ మోతాదును ఒక హద్దు దాటి పెంచితే పక్క అవయవాలు తట్టుకోలేవు. లోపలి నుంచి ఇస్తే కణితికి ఎక్కువగా తగిలి, కాస్త దూరానికే బాగా తగ్గిపోతుంది. బయటిదీ లోపలిదీ కలిపి మొత్తం చికిత్స 8 వారాలలో ముగించాలని వైద్యులు పట్టుబడతారు, ఎందుకంటే ఆలస్యమైతే జబ్బును అదుపు చేయడం కష్టమవుతుంది. మా ఊళ్ళో మాత్రం కోతలు అయ్యాక చూద్దాం, పండగ వెళ్ళాక చూద్దాం అంటారు. ముట్లుడిగాక రక్తం కనిపించినా నెలల తరబడి కోడలికి కూడా చెప్పకుండా దాచుకునే ఆడవాళ్ళు ఉన్న చోట ఇంకేం ఆశించగలం? మా మేనత్త ఈ రోజు కొబ్బరితోటలో కూలీలను అదిలిస్తూ తిరుగుతోందంటే అది ఆ లోపలి రేడియేషన్ చలవేనని నా గట్టి నమ్మకం.

మా మేనత్తను బాధపెట్టింది కిరణాలు కావు, గొట్టాలతో కదలకుండా గంటల తరబడి పడుకోవడమూ, వాటిని తీసేటప్పటి నొప్పీను. కాబట్టి నొప్పికి, మత్తుకు ఏమి ఇస్తారో ముందుగానే వైద్యులను అడగండి, పిల్లను మాత్రం నిశ్చింతగా మీ అత్తగారి ఒళ్ళో కూర్చోబెట్టండి.