ఉరిశిక్ష పడిన ఖైదీల కోసం లా చదువుతుందట!

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. లాయరై, ఉరిశిక్ష పడిన ఖైదీల తరఫున వాదిస్తానంటోంది. హంతకుడని కోర్టే తేల్చిన మనిషి కోసం ఇంత చదువా? ఆమెను ఎలా ఆపాలి?
– ఒక తండ్రి

జవాబు: దయచేసి ఆపకండి. ముందు ఆ పని ఏమిటో చూడండి.

హత్య రుజువైనంత మాత్రాన మన దేశంలో ఉరి పడదు. మామూలుగా పడేది యావజ్జీవం. మరణశిక్ష వేయాలంటే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాలి. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షను కొట్టివేయలేదు కానీ, ‘అరుదైన వాటిలోకెల్లా అరుదైన’ కేసులకే దాన్ని పరిమితం చేసింది. నేరాన్నే కాదు, నేరస్థుణ్నీ చూడమంది. మీ అమ్మాయి కోరుకున్న పని అక్కడే మొదలవుతుంది. చంపాడా లేదా అన్నది తేలిపోయింది. ఈ మనిషి ఎవరు, మారే అవకాశం ఉందా అన్నది తేలాలి.

అది కోర్టు హాల్లో కూర్చుంటే తెలియదు. అతను ఏ తరగతిలో బడి మానేశాడో పాత రిజిస్టరు తిరగేసి చూడాలి. చిన్నప్పుడు తలకు దెబ్బ తగిలితే రాసిచ్చిన ఆసుపత్రి చీటీ ట్రంకుపెట్టె అడుగున ఉందేమో వెతికించాలి. మొదటిసారి వెళితే తల్లి తలుపు తీయకపోవచ్చు. మళ్లీ వెళ్లాలి. నాలుగోసారికి ఆమె నోరు విప్పితే, మధ్యలో అడ్డుపడకుండా వినాలి. మానసిక స్థితి, కుటుంబ నేపథ్యం, జైల్లో నడవడిక గురించిన నివేదికలను విచారణ కోర్టులోనే తెప్పించుకోవాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దోషి అని తేల్చిన రోజే ఉరి కూడా ఖరారైన కేసులు ఉన్నాయి కాబట్టి, ఆ తీర్పు విలువ నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

ఒక మాట అమ్మాయికి మీరే చెప్పండి. అదే కోర్టు వరండాలో హతుడి భార్యో, తండ్రో కూర్చుని ఉంటారు. వాళ్ల దుఃఖాన్ని తక్కువ చేసే వాదన ఎన్నడూ చేయకూడదు. వాళ్ల పక్షాన నిలబడాలని తర్వాత అనిపిస్తే ప్రాసిక్యూషన్ వైపు వెళ్లవచ్చు, అదీ గౌరవమైన పనే.

ఇంటర్‌లో ఏ గ్రూపైనా లా ప్రవేశ పరీక్షలైన క్లాట్, లాసెట్ రాయవచ్చు. కోర్సు అయిదేళ్లు, ఆ తర్వాత బార్ కౌన్సిల్‌లో నమోదు, అఖిల భారత బార్ పరీక్ష. సీనియర్ దగ్గర తొలి ఏళ్లలో వచ్చేది తక్కువే, ఇంటి అండ కావాలి. పేద ముద్దాయిల కోసం పూర్తికాలం పనిచేసే న్యాయవాదులను నియమించే పథకం 2022 నుంచి న్యాయసేవాధికార సంస్థలో ఉంది. వాదించడం కంటే మనుషులతో మాట్లాడటం ఇష్టమైతే, సైకాలజీ, సోషల్ వర్క్ చదివినవారికీ ఈ కేసుల్లో పని ఉంటుంది.

సెలవుల్లో ఒకరోజు ఆమెను సెషన్స్ కోర్టుకు తీసుకెళ్లండి. విచారణలు చాలావరకు బహిరంగంగానే జరుగుతాయి. వెనక బల్ల మీద మీరూ కూర్చోండి. ఇంటికి వచ్చాక ఆమె ఏం చూసిందో చెప్పనివ్వండి.