రాజమహేంద్రవరంలో అద్దె ఇల్లు: చెన్నై నుంచి వెళ్లే కుటుంబానికి నా సమాధానం

ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే వీలు దొరికినందున చెన్నై నుంచి రాజమహేంద్రవరానికి మారాలనుకుంటున్నామని, గోదావరి గట్టుకు దగ్గరగా ఇల్లు తీసుకుంటే వరదల్లో ఇబ్బంది పడతామేమోనని మీరు అడిగారు. నేను చెన్నైలోని మాంబళం నుంచి ఉద్యోగరీత్యా అక్కడికి వెళ్లి, ఇన్నీస్‌పేటలో కొన్నేళ్లు అద్దెకు ఉండి, ఈ మధ్యే తిరిగి వచ్చాను. నా అనుభవంలో జాగ్రత్త పడవలసింది గట్టు పక్క ఇంటి విషయంలో కన్నా ఊరి లోపల పల్లంలో ఉన్న ఇంటి విషయంలో.

2015 డిసెంబరులో చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన నీటితో చెన్నైలోని అడయారు నది పొంగి సైదాపేట, కొట్టూరుపురం ఇళ్లలోకి రావడం చూసినవాళ్లం కాబట్టి, నది అనగానే మనకు ఆ భయం కలగడం సహజం. గోదావరి తీరు వేరు. ఎగువన భద్రాచలం దగ్గర నీటిమట్టం పెరుగుతున్న సంగతి ముందుగానే తెలుస్తుంది. ఊరికి దిగువన ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. ఊరికి గట్టు కాపు ఉంది కనుక వరద ముందుగా ముంచేది నది మధ్య దిబ్బల మీది లంక గ్రామాలను. అయితే నది నిండుగా పారుతున్నప్పుడు ఊళ్లోని మురుగు, వాననీరు అందులోకి దిగలేవు. అదే సమయంలో పెద్ద వాన పడితే ఆర్యాపురం, తుమ్మలావ, కంబాల చెరువు వంటి పల్లపు ప్రాంతాల్లో నీరు నిలిచిపోతుంది. అందువల్ల ఇల్లు చూడటానికి జులైలోనో ఆగస్టులోనో, గట్టి వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో గమనించండి. యజమాని చెప్పిన మాటతో ఆగకుండా ఎదురింటివారిని, వీధి మొదట్లోని కిరాణా కొట్టువారిని కూడా అడగండి.

ఆ రోజుల్లో కొంత భాగం ఆషాఢం కావడం కూడా కలిసివస్తుంది. శూన్యమాసమని ఎవరూ ఇల్లు మారరు కనుక తొందరపెట్టేవారు ఉండరు. నిదానంగా మాట్లాడుకుని శ్రావణంలో పాలు పొంగించుకోవచ్చు. అడ్వాన్సు కింద నన్ను రెండు నెలల అద్దె మాత్రమే అడిగారు. చెన్నైలో ఇచ్చిన మొత్తంతో పోలిస్తే అది చాలా తక్కువ. ఒప్పందం మామూలుగానే 11 నెలలకు రాసుకున్నాము.

వరద కన్నా నన్ను ఎక్కువగా బాధించింది ఎండ. చెన్నైలో మే నెల మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే కొంత ఊరట దొరుకుతుంది. రాజమహేంద్రవరంలో ఆ గాలి లేదు. పై అంతస్తులో, పడమటి గోడకు పడకగది ఉన్న ఇల్లు ఎంత చవకగా వచ్చినా వద్దనే చెబుతాను. పాత వీధుల్లో మందపాటి గోడల పెంకుటిల్లు దొరికితే, వైరింగు కొత్తగా వేయించారో లేదో చూసుకుని, సందేహించకుండా తీసుకోండి. స్నానాల గది పెరట్లో ఉండటం ఒక్కటే పెద్దవారికి కష్టమవుతుంది.

ఇంకొక విషయం, 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 పుష్కరాల నాటి జనసందోహం మీకు తెలిసే ఉంటుంది. కోటిలింగాల ఘాట్, పుష్కర ఘాట్ దగ్గర ఇల్లు తీసుకుంటే, ఆ రోజుల్లో ఇల్లు ఖాళీ చేయమని గానీ గది ఇమ్మని గానీ అడగకూడదని ఒప్పందంలోనే రాయించుకోవడం మంచిది.

మీరు అడగకపోయినా పిల్లల సంగతి చెప్పాలి. తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయిన తరువాత, మన ఇళ్లలో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. రాజమహేంద్రవరం బడిలో తెలుగు పుస్తకం ముందు పెడితే తెలివైన పిల్లలు కూడా బెదిరిపోతారు. మా అమ్మాయి మొదటి నెలల్లో పడిన బాధ ఇప్పటికీ నా మనసులో ఉంది. మీరు ఇల్లు వెతకడం మొదలుపెట్టిన రోజు నుంచే గుణింతాలు నేర్పించండి. వెళ్లాక గౌతమీ గ్రంథాలయానికి తీసుకువెళ్లండి; పిల్లల కథల పుస్తకాలతో మొదలుపెట్టి, మా అమ్మాయి ఏడాది తిరిగేసరికి దినపత్రిక చదవగలిగింది.