గానుగ పెట్టబోయే మనవడికి

అబ్బోడా,

మొన్న ఫోనులో బెంగళూరు ఉద్యోగం మానేసి ఊర్లో బెల్లం గానుగ పెడతానంటివి. మీ నాయన భయపడతా ఉండాడు. నాకు భయం లేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంట్లో చెరుకు రసం కాచే పెనుము పొయ్యెక్కి ముప్పై ఏండ్లు దాటిపోయింది. ఫోనులో చెప్తే ఒకటి చెవిన పడి ఇంకోటి పడదు. అందుకే కూర్చుని రాస్తా ఉండా.

నాకు బెల్లం పని నేర్పింది మా జేజినాయన. మీ నాయనకు ముత్తాత. వేలిముద్ర మనిషి. చంద్రగిరి చుట్టుపక్కల ఆయన పాకం పట్టిన బెల్లం అంటే అడిగి కొనుక్కునేవాళ్ళు.

ముందు పని సంగతి. ఏ నాడు నరికిన చెరుకు ఆ నాడే ఆడించు. ఎండలో పడి ఉంటే తీపి తగ్గుతుంది, రసం పులుస్తుంది, బెల్లం గట్టిపడదు. పెనుముకు ఎంత పడుతుందో అంతే నరికించు. టన్ను చెరుకుకు వంద కిలోల బెల్లం దిగితే బాగా దిగినట్టే. నీ లెక్కలో నూట ఇరవై అని రాసుకుని ఉంటే కొట్టెయ్. పిప్పి బాగా ఎండాల. పచ్చి పిప్పి పెడితే పొగే తప్ప మంట రాదు.

రసం కాగేటప్పుడు కొంచెం సున్నపు తేట పొయ్యి. బెండ చెట్ల కాండాలు చితక్కొట్టి, నీళ్ళలో పిసికి, ఆ జిగురు పోసేవాళ్ళం మేము. మడ్డంతా దానికి పట్టుకుని తెట్టుగా పైకొచ్చేది, తీసి పారేసేవాళ్ళం. పొంగు పైకెక్కితే నాలుగు చుక్కలు ఆముదం. పాకం చిక్కబడే కొద్దీ బుడగల చప్పుడు మారుతుంది. జేజినాయన పెనుముకు వీపు పెట్టి కూర్చుని కూడా ఆ మార్పు కనిపెట్టి లేచేవాడు. గరిటెతో చుక్క తీసి చన్నీళ్ళ చెంబులో వేసి, వేళ్ళతో ఉండ చేసి, చెంబు అంచుకేసి కొడతాడు. టక్కుమంటే దించేయాల్సిందే. ఆ చప్పుడు పుస్తకంలో దొరకదు నాయనా. రెండు పెనుములు చెడిపోతే గానీ నీకూ రాదు. చెడిపోయినప్పుడు పనోళ్ళ మీద అరవొద్దు.

బెల్లం తెల్లబడేదానికి హైడ్రోస్ అనే రసాయనం పొడి వెయ్యమని పదిమంది చెప్తారు. మండీలో తెల్లటి బెల్లం మీదికే ముందు చెయ్యి పోతుంది, నిజమే. అయినా వెయ్యొద్దు. జేజినాయన కాలంలో ఆ పొడి మనకు తెలియదు గానీ, ఆయన మాట ఒకటి ఉంది: పెరటాసి నెల శనివారం స్వామికి పెట్టే తళిగకు పొంగలి వండే బెల్లం, ఇంట్లో బిడ్డల చేతికిచ్చే బెల్లం, మండీకి తోలే బెల్లం ఒకే పెనుములోది అయ్యుండాల. నల్లగా ఉందని ధర కోసినా ఓర్చుకో. మండీ వాళ్ళ దగ్గర ముందుగా అడ్వాన్సు మాత్రం తీసుకోవద్దు. తీసుకున్నావంటే ధర వాళ్ళ నోట్లోనే ఉంటుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది.

1968 అనుకుంటా, నాకు పదహారేండ్లు. అక్షరం ముక్క వచ్చినవాణ్ణి కాబట్టి కూలి లెక్క నా చేతిలో ఉండేది. మన గానుగ దగ్గర పిప్పి ఎండబోసే ఆమెకు మూడు దినాల కూలి బాకీ. సాయంత్రం వచ్చి అడిగింది. తెల్లారితే ముక్కోటి ఏకాదశి, తిరుమల కొండకు పోవాల, ఆ హడావుడిలో "పోయొచ్చినాక ఇస్తా"నన్నా. ఏమీ అనలేదు, పోయింది.

చీకటితోనే బయల్దేరి ఆరు మైళ్ళు నడిచి శ్రీవారి మెట్టు చేరినాం. మొదటి మెట్టుకు పసుపు రాసి, కర్పూరం వెలిగించబోతా జేజినాయన ఆగినాడు. "కూలి అందరికీ ముట్టిందా?" ఆమె సంగతి చెప్పినా. కర్పూరం మళ్ళీ మూట గట్టి మెట్టు పక్కన కూర్చున్నాడు. "నువ్వు పోయి ఇచ్చి రా. నేను ఈడే ఉంటా."

ఎండలో వెనక్కి ఆరు మైళ్ళు. ఆమె ఇంటికి పోయేసరికి పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. పిల్లోళ్ళు ముగ్గురు గడపలో కూర్చుని ఉండారు. డబ్బులిస్తే లెక్క పెట్టుకోకుండా కొంగున ముడేసుకుని, అట్టే అంగడికి పరిగెత్తింది. ఆ బూడిద నాకు ఇప్పటికీ కళ్ళ ముందరే ఉంది.

తిరిగి చేరేసరికి పొద్దు వాలింది. జేజినాయన అక్కడే ఉండాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కర్పూరం వెలిగించి, గోవిందా అని, లాంతరు నా చేతికిచ్చినాడు. 2,388 మెట్లు అంటారు, ఆ రాత్రి నాకు ఒక్కటీ లెక్క తెలియలేదు. ఏకాదశి దాటిపోయి ద్వాదశి నాడు దర్శనమయింది. ఆయన దాని గురించి బాధపడింది నేను చూడలేదు.

అందుకని అబ్బోడా, పొద్దు గూకే లోపల ఆనాటి కూలి ఆనాడు ఇచ్చెయ్. బెల్లం అమ్ముడు పోలేదనో, బ్యాంకు సెలవనో వాళ్ళకు చెప్పొద్దు. ఒక నెల కూలికి సరిపడా డబ్బు పక్కన పెట్టుకోలేకపోతే ఈ ఏడు గానుగ పెట్టనే వద్దు.

ఇంకొకటి. బోరు నీళ్ళ కాడ మీ చిన్నాయనతో మాట పట్టింపు వచ్చిందని విన్నా. జేజినాయనకూ ఆయన తమ్ముడికీ, ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల వంతు దగ్గర తగువు వచ్చింది. కాణిపాకంలో ప్రమాణం చేయించమని ఊరి పెద్దలన్నారు. వినాయకుడి ఎదుట అబద్ధమాడితే ఏమవుతుందోనని మన జిల్లాలో అందరికీ భయమే కదా. జేజినాయన ఒప్పుకోలేదు. "వాడు తప్పినా నేను తప్పినా పొయ్యేది మా అమ్మ కడుపున పుట్టినోడే" అని ఒక దినం వంతు వదిలేసినాడు. ఆ ఏడు అర కయ్య ఎండింది, అబద్ధం చెప్పను. నువ్వు ముందుగా చిన్నాయన ఇంటికి పో. పత్రాలు తీసుకుపోవద్దు, సంగటి వేళకు పో, పెట్టింది తిను. నీళ్ళ మాట ఆయనే ఎత్తుతాడు.

భోగికి ముందే పొయ్యి వెలిగిస్తానంటివి కదా, రెండు దినాల ముందు కబురు చెయ్యి. జేజినాయన గరిటె నా దగ్గరే ఉంది, కొయ్య పిడి మార్పించినా. బస్సులో ఎవరి చేతికీ ఇచ్చి పంపను, నేనే తెస్తా. వచ్చినాక పెనుము తర్వాత చూస్తా, ముందు నీ కూలి పుస్తకం చూపించు.

మీ పెద్దతాత