కీళ్ల అరుగుదల ఉన్నవారి ఆయుష్షును రక్తపరీక్ష చెప్పగలదా?

ఒక్కరి విషయంలో చెప్పలేదు. వేలమందిని కలిపి చూస్తే మాత్రం కొంత తేడా కనిపిస్తుంది.

అరిగిన మృదులాస్థి ప్రాణం తీయదు. ఒంట్లో నివురుగప్పిన నిప్పులా ఉండే వాపు (ఇన్‌ఫ్లమేషన్), తగ్గిపోయిన నడక, వాటి వెంట వచ్చే గుండెజబ్బు, మధుమేహం తీస్తాయి. పరిశోధకులు రక్తంలో వెతికేది ఆ వాపు జాడలనే.

అందుకు ఖరీదైన పరీక్ష అక్కరలేదు, మన ల్యాబుల్లో రక్తకణాలను లెక్కించే సీబీపీ పరీక్ష చాలు. రిపోర్టులో తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం 60 శాతం, లింఫోసైట్స్ అనే రకం 30 శాతం ఉంటే వాటి నిష్పత్తి 2. అదే 75, 15 అయితే 5. ఈ నిష్పత్తి ఎక్కువగా ఉన్నవారిలో మరణాలూ ఎక్కువని అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే సమాచారంతో చేసిన విశ్లేషణలు చూపాయి. ఎర్ర రక్తకణాల పరిమాణంలో తేడాలు చెప్పే ఆర్‌డీడబ్ల్యూ పెరగడం, వేరే రక్తపరీక్షలో తెలిసే అల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గడం కూడా మంచి సూచనలు కావు.

అయితే ఆ సర్వేలో రక్తం తీసింది ఒక్కసారే. జబ్బు ఉందన్నది కూడా ఎక్స్‌రే చూసి కాదు, వాళ్లు చెప్పిన మాటే. పైగా జ్వరం వచ్చినా, స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. నిన్నటి 5 వచ్చే నెల 2 కావచ్చు!

నన్నడిగితే నడకే మెరుగైన కొలమానం. నైరుతి ఇంగ్లండ్‌లో మోకాలు, తుంటి అరుగుదల ఉన్న 1163 మందిని ఏళ్ల తరబడి గమనించి 2011లో వెలువరించిన అధ్యయనంలో, నడవలేని స్థితి పెరిగేకొద్దీ మరణాలూ పెరిగాయి.