దున్నేది రైతు, దానమిచ్చేది రాజు

ప్రశ్న: ప్రాచీన భారతదేశంలో భూమి అంతా రాజుదేననీ, ప్రజలెవరికీ సొంత భూమి లేదనీ మెగస్తనీస్ రాసినట్టు మా డిగ్రీ పుస్తకంలో ఉంది. మరో పాఠంలో మామూలు గృహస్థులు కూడా భూములు దానం చేశారని ఉంది. తనది కాని భూమిని ఎవరైనా ఎలా దానం చేస్తారండీ? ఏది నిజం? – ఒక విద్యార్థిని

జవాబు: సరైన చోట పట్టుకున్నావమ్మా. మెగస్తనీస్ దగ్గరికి తర్వాత వద్దాం, ముందు నాసిక్ గుహల్లోకి వెళ్దాం. పదో నంబరు గుహలో క్షత్రప వంశపు రాజు నహపాణుడి అల్లుడు ఋషభదత్తుడు వేయించిన శాసనం ఉంది. ఆ గుహలో ఉండే భిక్షువుల తిండికోసం ఒక పొలం ఇచ్చానంటాడు అందులో. ఆ పొలం ఆయనకెలా వచ్చింది? వారాహీపుత్రుడు అశ్విభూతి అనే బ్రాహ్మణుడి దగ్గర 4,000 కార్షాపణాలు (ఆనాటి నాణేలు) పెట్టి కొన్నాడు. అది అశ్విభూతికి తండ్రి నుంచి వచ్చిన పొలమనీ, పట్నం పొలిమేరలో వాయవ్య దిక్కున ఉందనీ కూడా చెక్కించాడు. భూమి అంతా రాజుదే అయితే రాజుగారి అల్లుడికి పొలం కొనుక్కోవాల్సిన అవసరమేముంది?

ఇక మెగస్తనీస్. చంద్రగుప్త మౌర్యుడి కాలంలో గ్రీకు రాజు సెల్యూకస్ తరఫున రాయబారిగా వచ్చినవాడు. ఆయన రాసిన పుస్తకం దొరకలేదు. డయొడోరస్, స్ట్రాబో వంటి తర్వాతి రచయితలు ఎత్తి రాసుకున్న ముక్కలే మనకు మిగిలాయి. ఆయన అబద్ధం రాశాడని నేననను. పాటలీపుత్రంలో కూర్చున్నవాడికి కనిపించేది రాజుగారి సొంత కమతాలే. అర్థశాస్త్రం వీటిని సీతభూములు అంటుంది. వాటిపై సీతాధ్యక్షుడనే అధికారి ఉంటాడు. మనుషులు చాలక విత్తకుండా మిగిలిన పొలాన్ని సగం పాలుకు కౌలుకిస్తారు. ఒంటి కష్టం తప్ప మరేమీ లేనివాడికి పంటలో దక్కేది నాలుగో వంతు, లేదా అయిదో వంతు. కొత్తగా ఊళ్లు కట్టి రైతుల్ని దింపినచోట, శిస్తు కట్టేవాడికి పొలం వాడి బతుకున్నంత వరకే. సాగు చెయ్యకపోతే లాక్కుని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఈ పొలాల్ని మాత్రమే చూస్తే, దేశమంతా ఇంతేననుకోవడంలో వింతేం లేదు.

కానీ అదే అర్థశాస్త్రంలో భూమి అమ్మకానికి పద్ధతి కూడా ఉంది. ముందు దాయాదులు, తర్వాత ఇరుగుపొరుగు, ఆ తర్వాత అప్పిచ్చినవాళ్లు కొనాలి. వాళ్లెవరూ కొనకపోతేనే బయటివాళ్లు. ధరను మూడుసార్లు నలుగురి ముందూ ప్రకటించాలి. పోటీపడి ఎవరైనా ధర పెంచితే, ఆ పెరిగిన సొమ్ము సుంకంతో సహా ఖజానాకి పోతుంది. చూశావా, పొలం మనిషిదే, అమ్ముకునే హక్కూ మనిషిదే, పై లాభం మాత్రం రాజుది! వేదంలోని యాగవిధుల్ని వ్యాఖ్యానించే మీమాంసకులు ఈ విషయంలో ఇంకా నిక్కచ్చిగా ఉన్నారు. సర్వస్వం ధారపోయాల్సిన విశ్వజిత్ యాగం రాజు చేస్తే, భూమిని కూడా ఇచ్చెయ్యొచ్చా? కుదరదన్నారు. భూమిని అనుభవించడంలో చక్రవర్తికి ఎంత హక్కుందో మిగతావాళ్లకీ అంతే హక్కుందనీ, పంటను కాపాడినందుకు అందులో ఒక భాగం మాత్రమే అతడికి అదనమనీ వాళ్లలో ఒకడైన శబరస్వామి భాష్యం.

అయితే నీ ప్రశ్నను “ఎవరిది?” దగ్గరే ఆపితే రైతు బతుకు మనకు కనపడదు. మళ్లీ నాసిక్ చూడు. నహపాణుణ్ని ఓడించాక శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన 18వ పాలనా సంవత్సరంలో, విజయం సాధించిన సైన్యం విడిది నుంచే, నాసిక్ ప్రాంతంలోని గోవర్ధనంలో ఉన్న అమాత్యుడికి ఉత్తరువు పంపాడు. పడమటి కఖడి గ్రామంలో అప్పటిదాకా ఋషభదత్తుడు అనుభవించిన 200 నివర్తనాల (నివర్తనం ఆనాటి భూమి కొలత) పొలాన్ని భిక్షువులకు ఇమ్మన్నాడు. ఆ పొలంలోకి రాజోద్యోగులు అడుగుపెట్టకూడదు, దాన్ని ముట్టకూడదు, ఉప్పుకోసం తవ్వకూడదు, జిల్లా అధికారులు జోక్యం చేసుకోకూడదు అన్నాడు. శాసనాల పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లలతో ముందుగా చదివించేది ఈ వరుసనే. దానం పుచ్చుకున్నవాళ్లకి వద్దన్నవన్నీ మిగతా పొలాల్లో రోజూ జరిగేవే కదా! పల్లవుల నాటి మైదవోలు రాగిరేకులు కూడా ఇలాంటివే. ధాన్యకటకంలోని అధికారికి శివస్కందవర్మ పంపిన ఆ ఉత్తరువు విరిపర అనే ఊరిని దానమిస్తూ, భటులు రాకూడదు, వంతులవారీగా ఎద్దుల్ని తోలుకుపోకూడదు అంటుంది. దుక్కి అదునులో ఎద్దుల్ని తోలుకుపోతే పొలం పట్టా ఎవరి పేరున ఉంటే మాత్రం ఏం లాభం? రాజ్యం బలం నాకు కనిపించేది ఇక్కడే. హక్కు కంటే కూడా, గట్టు దాటి లోపలికొచ్చే అధికారంలో.

ఆ బలానికీ ఒక హద్దుంది. 24వ పాలనా సంవత్సరంలో శాతకర్ణి, ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ కలిసి ఇంకో ఉత్తరువు పంపాల్సి వచ్చింది. కఖడిలో ఇంతకుముందు ఇచ్చిన పొలం ఎవరూ దున్నడం లేదు, ఆ ఊళ్లో జనమే లేరు. కాబట్టి పట్నం పొలిమేరలో తమకున్న రాజభూమి నుంచి 100 నివర్తనాలు ఇస్తున్నామన్నారు. ఊరు ఎందుకు ఖాళీ అయిందో శాసనం చెప్పదు. యుద్ధం నడిచిన నేల అది. దున్నేవాళ్లు లేచిపోతే మహారాజు దానమైనా బీడుపడాల్సిందే. ఈ ఉత్తరువుల్లో అమాత్యుల పేర్లున్నాయి, శాసనం తయారుచేసినవాళ్ల పేర్లున్నాయి. పొలం దున్నినవాళ్ల పేరు ఒక్కటీ లేదు, అది నాకు ఎప్పుడూ బాధే.

ప్రశ్న: పొలానికి 4,000 కార్షాపణాలు అంటే ఆ రోజుల్లో ఎక్కువా తక్కువా? – అదే విద్యార్థిని

జవాబు: రూపాయల్లోకి మార్చడం దండగ. ఋషభదత్తుడే ఇంకో శాసనంలో మనకు కొలత ఇచ్చాడు. సాలెవాళ్ల శ్రేణి (వృత్తి సంఘం) దగ్గర 2,000 కార్షాపణాలు నెలకు నూటికి ఒకటి వడ్డీ మీద ఉంచాడు. ఏడాదికి 240 వస్తుంది. దాంతో వర్షాకాలం గుహలో గడిపే 20 మంది భిక్షువులకు తలా 12 చొప్పున బట్టల ఖర్చు ఇమ్మన్నాడు. అంటే ఆ పొలం ధర ఇరవై మందికి పదహారేళ్లకు పైగా బట్టలకు సరిపోతుంది. బంగారంలో చెప్పాలంటే 35 కార్షాపణాలకు ఒక సువర్ణం, అంటే ఒక బంగారు నాణెం, అని ఆయన లెక్కే ఉంది, కాబట్టి 114 సువర్ణాల పైమాటే.