ముందు మైక్రోస్కోపులో చూడు, నాన్నా

చిరంజీవి నాన్నకు అత్తయ్య ఆశీస్సులు.

బ్యాక్టీరియా పరిమాణాన్ని కాంతి పరిక్షేపణంతో, అంటే వాటికి తగిలి కాంతి చెదిరే తీరుతో కొలవబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంత పొంగిపోయానో, అంత బెంగ కూడా పట్టుకుంది. రాత్రంతా నిద్ర లేదు.

మొదట నీ కళ్ల సంగతి. లేజర్ పుంజం ఎంత ఎత్తులో ఉందో ఆ ఎత్తుకు తల దించకు. కింద పడిన పెన్ను కోసం వంగాలన్నా ముందు పుంజాన్ని మూసెయ్యి. చేతి గడియారం, ఉంగరం తీసి పక్కన పెట్టు, మెరిసే వస్తువు పుంజాన్ని ఎటు తిప్పుతుందో చెప్పలేం. హీలియం-నియాన్ ఎర్ర వెలుగు రోజూ చూస్తుంటే భయం పోతుంది. పోనివ్వకు. ఈ ఒక్క విషయంలో నా మాట కాదంటే నేనే వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

మిగతావి నీకు తెలిసినవే. ద్రావణంలోని దుమ్ము పోయేలా బ్యాక్టీరియా కలపకముందే వడపోయాలి, 0.2 మైక్రోమీటర్ల వడపోత కాగితం ఆ తర్వాత వాటినే ఆపేస్తుంది. పలచగా కలుపు. తెలిసిన పరిమాణం గల పాలిస్టైరీన్ పూసలతో పరికరాన్ని సరిచూడు. ఉష్ణోగ్రత కదలకూడదు, నీటి స్నిగ్ధత (చిక్కదనం) ఒక్క డిగ్రీకే సుమారు 2 శాతం మారుతుంది.

ఇక నేను చేసిన తప్పు. నీ వయసులో నేనూ కాంతి మిణుకుల్ని బట్టి పరిమాణం లెక్కగట్టే పరికరం ముందే కూర్చున్నాను. పొద్దున నా బ్యాక్టీరియా ఒక మైక్రోమీటర్ దగ్గర తేలేది. మధ్యాహ్నానికి అదే కల్చర్ (పెంచిన బ్యాక్టీరియా) నూరు నానోమీటర్లకు, అంటే పదో వంతుకు దిగేది. మళ్లీ మళ్లీ చేశాను, మళ్లీ మళ్లీ అదే వచ్చింది. అదే రావడంతో నిజమని నమ్మాను. కణాలు ముక్కలవుతున్నాయని ఒక సిద్ధాంతమే అల్లుకున్నాను. ఆరు నెలలు!

గాజుసామాను కడిగే కుర్రవాడు ఒకరోజు సరదాగా మైక్రోస్కోపులో కన్ను పెట్టి, "మేడమ్, ఇవి పరుగులు పెడుతున్నాయి" అన్నాడు. పని చూసుకోమన్నాను.

వాడన్నదే నిజం. ఆ పరికరం పరిమాణాన్ని చూడదు నాన్నా, కదలికను చూస్తుంది. నీటి అణువుల తాకిడికి కణం ఎంత వేగంగా తడబడుతుందో కొలిచి, వేగం ఎక్కువైతే కణం చిన్నదని లెక్క చెబుతుంది. 25 డిగ్రీల నీటిలో ఒక మైక్రోమీటర్ పూస సెకనులో సుమారు ఒక మైక్రోమీటర్ మాత్రమే జరుగుతుంది. కశాభాలు, అంటే ఈదడానికి తోకల్లాంటి పోగులు, ఉన్న బ్యాక్టీరియా అదే సెకనులో ఇరవై మైక్రోమీటర్లు ఈదిపోగలదు. నా కణాలు చిన్నవి కాలేదు, మధ్యాహ్నానికి హుషారెక్కి ఈదాయి. అది తెలిసిన రోజు ఆ కుర్రవాడికి చెబుదామని వెతికాను. అప్పటికే పని మానేసి వెళ్లిపోయాడు.

కాబట్టి కశాభాలు లేని రకాన్ని తీసుకో. ఫార్మలిన్ అనే రసాయనంతో చంపినా ఈత ఆగుతుంది, కాని కణం కొలత కొద్దిగా మారవచ్చు. లేదా వివిధ కోణాల్లో చెదిరిన కాంతి తీవ్రతను కొలువు, దానికి ఈతతో అంత పేచీ లేదు. ఆ కొలతకు వాడే సిద్ధాంతాన్ని 1908లో ఇచ్చిన జర్మన్ భౌతిక శాస్త్రవేత్త గుస్తావ్ మీ (Mie) దాన్ని గోళాలకే చెప్పాడు. నీది పేగుల్లో ఉండే ఇ.కోలి బ్యాక్టీరియా అయితే అది సుమారు రెండు మైక్రోమీటర్ల పొడవున్న కడ్డీ. గోళం అనుకుని వచ్చిన అంకెను పొడవుగా రాసెయ్యకు, తిడతాను.

వేళకు తిను. రాత్రుళ్లు ప్రయోగశాలలో ఒంటరిగా ఉండకు. మొదటి కల్చర్ సిద్ధమవగానే పరికరం దగ్గరికి పోకుండా ఒక చుక్క గాజు పలక మీద వేసి చూడు. అవి ఈదుతున్నాయో లేదో ఆ సాయంత్రమే నాకు ఫోను చేసి చెప్పు. ఎదురుచూస్తుంటాను.

మీ అత్తయ్య